శుక్రవారంలోగా రాజీనామా ఇమ్మంటున్నారు, ఇవ్వాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. రావులపాలెం దగ్గర రైస్ మిల్లులకు, రొయ్యల మేత కంపెనీలకు ప్లాస్టిక్ సంచులు నేసే ఫ్యాక్టరీ. మీరు లూమ్స్ విభాగంలో 14 ఏళ్ల 8 నెలలుగా పర్మినెంట్. బేసిక్, డీఏ కలిపి 18,000, మిగతా అలవెన్సులతో 20,500. పర్మినెంట్ వాళ్లు మొత్తం 180 మంది. రీస్ట్రక్చరింగ్ పేరుతో పాత లూమ్ షెడ్డు మూసేసి, పని రెండో యూనిట్‌కి మార్చేస్తున్నారు. ఒక్కొక్కరినీ విడిగా పిలిచి, రాజీనామా ఇస్తే అన్నీ కలిపి రెండున్నర లక్షలు ఇస్తామని, శుక్రవారం దాటితే ఆ ఆఫర్ ఉండదని, దూరంగా ట్రాన్స్‌ఫర్ చేస్తామని అంటున్నారు. యూనియన్ లీడర్ కూడా తీసేసుకోమంటున్నాడు.

నేను ఇలాంటి ఫ్యాక్టరీల్లో రెండు దశాబ్దాలకు పైగా పర్సనల్ విభాగంలో పనిచేశాను. మీరు కూర్చోబోయే టేబుల్‌కి అవతలి వైపు అన్నమాట. అందుకని లాయరు చెప్పేది వేరు, నేను చెప్పేది కొంచెం వేరుగా ఉంటుంది.

ముందు ఒక చేదు మాట. ఆ షెడ్డు మూయాలని పైన నిర్ణయం అయిపోయి ఉంటే, మీ ఉద్యోగం నిలబడే అవకాశం తక్కువ. కోర్టుకెళ్లి మళ్లీ ఉద్యోగంలో చేరినవాళ్లు లేకపోలేదు, కానీ దానికి ఏళ్లు పడుతుంది. కాబట్టి ఇప్పుడు మీరు తేల్చుకోవాల్సింది ఉద్యోగం ఉంటుందా పోతుందా అని కాదు. ఏ కాగితం మీద పోతుంది, ఎంతకు పోతుంది అన్నది. ఈ రెండూ ఇంకా మీ చేతిలోనే ఉన్నాయి, మీరు సంతకం పెట్టనంత వరకు.

ఆ గదిలో ఏం జరుగుతుందో చెబుతాను. టీ తెప్పిస్తారు. పిల్లలు ఏం చదువుతున్నారని అడుగుతారు. టేబుల్ మీద ముందే టైపు చేసిన కాగితం ఉంటుంది. మీ పేరు, ఎంప్లాయీ నంబరు వేసి ఉంటాయి, తేదీ దగ్గర మాత్రం ఖాళీ. "నా వ్యక్తిగత కారణాల వల్ల, ఎవరి ఒత్తిడీ లేకుండా రాజీనామా చేస్తున్నాను. కంపెనీ నుంచి నాకు రావలసినవన్నీ ముట్టాయి, ఇకపై ఎలాంటి క్లెయిమూ లేదు" అని ఉంటుంది. మీరు చదువుతుంటే "అదంతా ఫార్మాలిటీ అండీ" అంటారు. ఫార్మాలిటీ కాదు. ఆ నాలుగు లైన్లే మొత్తం వ్యవహారం.

కంపెనీ తనంతట తాను మనిషిని తీసేస్తే దాన్ని రిట్రెంచ్‌మెంట్ అంటారు. దానికి నోటీసు, పరిహారం, ప్రభుత్వానికి సమాచారం లాంటివన్నీ చట్టప్రకారం పాటించాలి. మీరే వ్యక్తిగత కారణాలతో వెళ్లిపోతున్నానని రాసిస్తే అవేవీ అక్కర్లేదు. అందుకే అంత మర్యాద.

జాబితా ఎలా తయారవుతుందో కూడా తెలిస్తే మంచిది. హెడ్డాఫీసు నుంచి ఇంతమందిని తీసెయ్యమని రాదు. జీతాల బిల్లు నెలకు ఇంత తగ్గాలని ఒక అంకె వస్తుంది. ముందు కాంట్రాక్టు వాళ్లను ఆపేస్తారు, దానికి కాగితం కూడా అక్కర్లేదన్నట్టు చేస్తారు. ఆ తర్వాత సీనియర్లు, ఎందుకంటే ఒక్క సీనియర్ జీతంలో ఇద్దరు ట్రైనీలు వస్తారు. సెలవులు ఎక్కువ పెట్టేవాళ్లు, ఈఎస్ఐ సిక్ లీవులో ఉన్నవాళ్లు, ప్రశ్నలడిగేవాళ్లు ఎలాగూ ఉంటారు. పిలిచే వరసకీ ఒక లెక్క ఉంటుంది. అప్పుల్లో ఉన్నవాళ్లను, కూతురి పెళ్లి దగ్గర పడ్డవాళ్లను ముందు పిలుస్తారు. మొదటి పది సంతకాలు పడితే మిగతావి వాటంతటవే పడతాయని అందరికీ తెలుసు. శుక్రవారం గడువు కూడా అందుకే. చట్టంలో అలాంటి శుక్రవారం ఏదీ లేదు. (మిమ్మల్ని పిలిచి మాట్లాడుతున్న ఆ హెచ్ఆర్ కుర్రాడి పేరు చాలాసార్లు రెండో జాబితాలో ఉంటుంది. అతనికి ఆ సంగతి తెలియదు. అతని మీద కోపం పెట్టుకోకండి.)

ఇప్పుడు డబ్బు లెక్క. దీని దగ్గర కాస్త ఓపిగ్గా కూర్చోండి, పెన్ను తీసుకోండి.

పాత పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. పరిహారం లెక్క మాత్రం పాతదే. ఏడాది సర్వీసుకు 15 రోజుల సగటు జీతం, చివర్లో ఆరు నెలలు దాటితే దాన్నీ ఒక ఏడాదిగా కలుపుతారు. మీకు 14 ఏళ్ల 8 నెలలు, అంటే 15 ఏళ్లు. నెల జీతం (బేసిక్, డీఏ మాత్రమే) 18,000, అందులో సగం 9,000. తొమ్మిది వేలు ఇంటూ పదిహేను, 1,35,000. ఒక నెల ముందు నోటీసు ఇవ్వాలి, ఇవ్వకపోతే నెల జీతం 18,000 కట్టాలి. ఇవి కాక కొత్త కోడ్‌లో కార్మికుల రీస్కిల్లింగ్ ఫండ్ అని ఒకటి వచ్చింది. తీసేసిన ప్రతి మనిషికీ 15 రోజుల చివరి జీతంతో సమానమైన మొత్తాన్ని యజమాని అందులో జమ చెయ్యాలి, 45 రోజుల్లోగా అది మీ ఖాతాకు రావాలి. మీకది 9,000. చాలామందికి ఈ ఫండ్ సంగతే తెలియదు, కంపెనీ వాళ్లు ఎలాగూ గుర్తుచెయ్యరు.

గ్రాట్యుటీ వేరు. 18,000ను 26తో భాగించి, 15తో గుణించి, మళ్లీ 15 ఏళ్లతో గుణించండి. 1,55,769 వస్తుంది. ఇది మీరు రాజీనామా చేసినా వచ్చేదే, తీసేసినా వచ్చేదే. ఎవరి దయా కాదు.

అన్నీ కూడితే 3,17,769. సెలవుల డబ్బు, బోనస్ బకాయి, పనిచేసిన రోజుల జీతం ఇంకా కలపలేదు.

కంపెనీ ఇస్తానన్నది అన్నీ కలిపి 2,50,000. అందులో మీ గ్రాట్యుటీ తీసేస్తే మిగిలేది 94,231. చట్టప్రకారం గ్రాట్యుటీ కాకుండా రావాల్సింది 1,62,000. అంటే రెండున్నర లక్షల ఆఫర్ అని పెద్దగా చెబుతున్నది, మామూలుగా రావాల్సిన దానికంటే దాదాపు 68 వేలు తక్కువ. మీ యూనియన్ లీడర్ ఈ లెక్క వేశాడో లేదో ఒకసారి అడిగి చూడండి. అతన్ని అనుమానించమని కాదు, కాగితం మీద వేసి చూపించమనండి.

ఇంకో విషయం. ఏడాదికి 15 రోజులు అనేది కనీసం మాత్రమే. వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) అని నిజంగా స్కీము పెట్టే కంపెనీల్లో ఏడాదికి 35 రోజులు, 45 రోజులు లెక్కగట్టిన సందర్భాలు ప్రభుత్వ రంగంలో బోలెడన్ని ఉన్నాయి. కాబట్టి స్వచ్ఛందంగా వెళ్లమని అడుగుతున్నప్పుడు కనీసం కంటే ఎక్కువ అడగడం అత్యాశేమీ కాదు. నెల జీతం చొప్పున ఏడాదికి ఇస్తారా అని మొదలుపెట్టండి. గ్రాట్యుటీ కాక 15 ఏళ్లకు 2,70,000 అవుతుంది. ఇవ్వకపోవచ్చు. కానీ బేరం అక్కణ్ణుంచి మొదలైతే ఎక్కడో మధ్యలో తెగుతుంది. అలా మంచి మొత్తం వస్తే సంతకం పెట్టి బయటికి రావడం నా దృష్టిలో తప్పు కాదు. అప్పుడు కూడా కాగితంలో "వ్యక్తిగత కారణాలు" అని కాకుండా "కంపెనీ పునర్వ్యవస్థీకరణలో భాగంగా ప్రకటించిన పథకం కింద" అని ఉండాలి. గ్రాట్యుటీ ఒక లైను, పరిహారం ఒక లైను, సెలవులు ఒక లైను, విడివిడిగా చూపించాలి. "అన్నీ కలిపి" అన్నది ఎక్కడా ఒప్పుకోకండి.

180 మందే కాబట్టి ప్రభుత్వ అనుమతి అక్కర్లేదని హెచ్ఆర్ అన్నారని రాశారు. అది నిజమే. కొత్త కోడ్ ప్రకారం 300 మంది, అంతకు మించి ఉన్న ఫ్యాక్టరీలకే తీసివేతకు ముందస్తు అనుమతి కావాలి. కేంద్ర చట్టంలో ఇంతకుముందు ఆ హద్దు 100. కానీ అనుమతి అక్కర్లేదంటే పరిహారం అక్కర్లేదని కాదు. ఈ రెండింటినీ కలిపేసి చెప్పడం పాత అలవాటు. పరిహారం తీసేసే రోజునే చేతికి రావాలి, తర్వాత చూద్దాం అనే మాట చెల్లదు. మిగిలిన జీతం బకాయిలు రెండు పనిదినాల్లో, గ్రాట్యుటీ 30 రోజుల్లో ఇవ్వాలి. గ్రాట్యుటీ ఆలస్యమైతే వడ్డీ కూడా కట్టాలి.

పోయినేడాది మిమ్మల్ని "షిఫ్ట్ ఇన్‌చార్జ్" అన్నారు కదా, అది ప్రమోషన్ అనుకున్నారు. ఇప్పుడు "మీరు సూపర్‌వైజర్, వర్కర్ కాదు, ఈ చట్టం మీకు వర్తించదు" అంటున్నారు. సూపర్‌వైజర్ పని చేస్తూ నెలకు 18,000 దాటి జీతం తీసుకునేవాళ్లు వర్కర్ నిర్వచనంలోకి రారు. మీ బేసిక్, డీఏ కలిపి 18,000 దగ్గర ఉంది, దాటలేదు. కానీ నేనైతే ఆ అంకె మీద ఆధారపడను. అసలు చూసేది చేసే పనిని. మీరు ఎవరికైనా సెలవు మంజూరు చేస్తారా? ఎవరికైనా మెమో ఇవ్వగలరా? లేక షటిల్‌లో టేపు తెగితే ముడేసి, బాబిన్ మార్చి, మీటర్లు రాసుకుంటారా? రెండోదే అయితే మీరు వర్కరే, బ్యాడ్జి మీద ఏం రాసున్నా సరే. షిఫ్ట్ లాగ్‌బుక్‌లో మీ చేతిరాతతో ఉన్న పేజీలు, మీరు లూమ్ మీద ఉన్న ఫొటోలు ఏమైనా ఉంటే ఈ రోజే భద్రం చేసుకోండి. గేటు పాసు ఆగిపోయాక లోపలికి వెళ్లడం కష్టం.

మీ విభాగంలో మీ తర్వాత చేరినవాళ్లు ఉండగా మిమ్మల్ని ముందు తీస్తున్నారా? చివర చేరినవాళ్లను ముందు తీయాలన్నది పాత చట్టంలోనూ ఉంది, కొత్త కోడ్‌లోనూ ఉంది. యజమాని దాన్ని దాటాలంటే కారణం రాతపూర్వకంగా చూపించాలి. సీనియారిటీ జాబితా నోటీసు బోర్డులో పెట్టమని అడగండి. అడగ్గానే పెడతారని కాదు, అడిగినట్టు రికార్డు ఉంటుంది. తీసేశాక ఏడాదిలోపు మళ్లీ మనుషుల్ని చేర్చుకుంటే తీసేసినవాళ్లకే ముందు అవకాశం ఇవ్వాలని కూడా ఉంది. రెండో యూనిట్‌లో కొత్త కుర్రాళ్లను పెడితే పేర్లు రాసిపెట్టుకోండి.

ట్రాన్స్‌ఫర్ బెదిరింపు గురించి. మీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చూడండి. "కంపెనీకి చెందిన ఏ యూనిట్‌కైనా" అని ఉంటే బదిలీ చేసే హక్కు వాళ్లకుంది. అప్పుడు కోపంతో డ్యూటీ మానేస్తే మీరే చిక్కుకుంటారు, గైర్హాజరు కింద ఛార్జిషీటు ఇచ్చి పైసా లేకుండా పంపిస్తారు. నిజంగా ఆర్డరు ఇస్తే తీసుకోండి, ఇబ్బందులు రాతపూర్వకంగా చెప్పండి, వీలైతే వెళ్లి జాయినవ్వండి. నోటిమాటగా అంటున్నంత కాలం అది బెదిరింపే. మిషన్లు తరలించే పనిలో ఉన్న కంపెనీకి ఇంతమందికి అవతల క్వార్టర్లు చూసే ఓపిక సాధారణంగా ఉండదు.

ఒకవేళ ఇది చదివేసరికే సంతకం పెట్టేసి ఉంటే కంగారుపడకండి. రాజీనామాను ఆమోదించి అమల్లోకి తేకముందు వెనక్కి తీసుకోవచ్చు. ఆ రోజే రాయండి, ఒత్తిడి చేశారని ఎవరు, ఎన్ని గంటలకు, ఏ గదిలో అన్నారో కూడా రాయండి.

యూనియన్ కలిసి రాకపోయినా మీరొక్కరే లేబర్ ఆఫీసుకు వెళ్లొచ్చు. ఒక మనిషిని తీసేసిన గొడవని పారిశ్రామిక వివాదంగానే చూస్తారు. మీది కోనసీమ జిల్లా కాబట్టి అమలాపురం. యానాం ఫ్యాక్టరీల్లో పనిచేసే మనవాళ్లు చాలామంది ఇక్కడ పొరపాటు పడతారు. ఇల్లు కాకినాడ వైపు ఉన్నా, ఫ్యాక్టరీ యానాంలో ఉంటే అది పుదుచ్చేరి ప్రభుత్వం కిందికి వస్తుంది, మన రాష్ట్ర ఆఫీసులో ఇచ్చిన కాగితం అక్కడ పనికిరాదు. లేబర్ ఆఫీసులో వివాదాలు చూసే రాజీ అధికారి దగ్గరికి వివాదం వచ్చిన రెండేళ్లలోపే వెళ్లాలి, ఆ తర్వాత ఆయన కూడా చేసేదేమీ ఉండదు. గొడవ రోడ్డెక్కించి గేట్లు పగలగొడదామనే కుర్రాళ్లు ప్రతి ఫ్యాక్టరీలో ఉంటారు. 2012 జనవరిలో యానాంలో ఒక సిరామిక్స్ ఫ్యాక్టరీ గొడవలో ప్రాణాలు పోయాయి, ఆ ఫ్యాక్టరీ ఏళ్ల తరబడి మూతపడింది, పనివాళ్లంతా వీధిన పడ్డారు. అటు వైపు పోకండి.

పీఎఫ్ పాస్‌బుక్ ఇప్పుడే తెరిచి చూడండి, కంపెనీ వాటా నెలనెలా పడిందో లేదో. వెళ్లిపోయేముందు ఎగ్జిట్ తేదీ (ఉద్యోగం మానేసిన తేదీ) ఎక్కించమనండి. పదేళ్లు దాటింది కాబట్టి పెన్షన్ వాటా ఒకేసారి చేతికి రాదు. స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుంటే తర్వాతి ఉద్యోగంలో ఈ సర్వీసు కలుస్తుంది. ఉద్యోగం పోయినవాళ్లకు ఈఎస్ఐలో నిరుద్యోగ భృతి పథకాలు ఉన్నాయి, బ్రాంచ్ ఆఫీసులో మీ చందాల రికార్డుతో అడగండి. వాటికీ స్వచ్ఛందంగా వెళ్లిపోయినవాళ్లు అర్హులు కారు. మళ్లీ ఆ కాగితం దగ్గరికే వస్తున్నాం చూశారా.

డబ్బు చేతికొచ్చాక మన వైపు ఏం జరుగుతుందో మీకు చెప్పక్కర్లేదు. బావమరిది వస్తాడు, రెండెకరాల చెరువు లీజుకుందాం, వనామీ రొయ్య వేద్దాం అంటాడు. ఒక పంట పండితే మూడేళ్ల జీతం అంటాడు. పండితే నిజమే. కానీ సీడు, మేత, ఏరియేటర్లకు కరెంటు, లీజు అన్నీ ముందు పెట్టుబడి. మేత డీలరు అరువిస్తే కౌంటు రేటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కన కట్టే ధర) అతను చెప్పిందే. వైట్ స్పాట్ రోగం వచ్చిందంటే రాత్రికి రాత్రి పట్టేయాలి. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు భీమవరం వైపు రైతులు ఎలా విలవిల్లాడారో మీరు సంచులు పంపిన కంపెనీలనే అడగండి. చెరువులు తెలిసినవాళ్లు, ఒక పంట పోయినా తట్టుకునేవాళ్లు చెయ్యాల్సిన పని అది. పిల్లల ఫీజు, బండి ఈఎంఐ ఉన్న మనిషి గ్రాట్యుటీ పెట్టి చేసే పని కాదు. ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టేదాకా ఆ మాటే ఎత్తనివ్వకండి. గల్ఫ్ ఏజెంట్లు కూడా వాసన పట్టి వస్తారు. రిజిస్టర్ అయిన ఏజెంటు 30,000, దాని మీద జీఎస్టీ, ఇంతకు మించి తీసుకోకూడదు. లక్షల్లో అడిగినవాడు ఎవడైనా సరే వద్దు.

పని విషయానికొస్తే మీరు అనుకుంటున్నంత ఖాళీ చేతులతో ఏమీ లేరు. లూమ్ మెకానిజం తెలిసినవాడికి ప్యాకింగ్ లైన్లు అర్థం కావడానికి ఎక్కువ రోజులు పట్టదు. బాయిల్డ్ రైస్ మిల్లుల్లో, మేత ఫ్యాక్టరీల్లో బాయిలర్ ఉంటుంది, బాయిలర్ అటెండెంట్ సర్టిఫికెట్ ఉన్నవాళ్ల కోసం ఎప్పుడూ వెతుకుతుంటారు. రిలీవింగ్ లెటర్‌లో "హెల్పర్" అనో "స్టాఫ్" అనో కాకుండా ఏ మిషన్లు నడిపారో పేర్లతో రాయించుకోండి. దానికి కంపెనీకి ఖర్చేమీ ఉండదు, అడిగితే రాస్తారు.

శుక్రవారం మళ్లీ పిలిస్తే వెళ్లండి, మర్యాదగా మాట్లాడండి, టీ కూడా తాగండి. సంతకం మాత్రం పెట్టకుండా కింది ఉత్తరం ఇచ్చి, రెండో కాపీ మీద అందినట్టు స్టాంపు వేయించుకోండి. వెయ్యకపోతే అదే రోజు స్పీడ్ పోస్టులో పంపండి (రిజిస్టర్డ్ పోస్టు ఇప్పుడు దాంట్లోనే కలిసిపోయింది), రసీదు దాచండి, ఈమెయిల్ కూడా చెయ్యండి.

"నన్ను రాజీనామా చేయమని ఈ వారం నోటిమాటగా కోరారు. రాజీనామా చేసే ఉద్దేశం నాకు లేదు. నేను పనికి సిద్ధంగా ఉన్నాను, రోజూ హాజరవుతున్నాను. లూమ్స్ విభాగంలో పోస్టులు తగ్గిస్తున్నట్టయితే ఆ విషయం, సీనియారిటీ జాబితా, నాకు రావలసిన గ్రాట్యుటీ, పరిహారం, నోటీసు జీతం, సెలవుల డబ్బు వివరాలు విడివిడిగా రాతపూర్వకంగా తెలియజేయగలరు. ఏదైనా స్వచ్ఛంద పథకం ఉంటే దాని ప్రతి ఇవ్వగలరు, చదువుకుని జవాబు చెబుతాను."

కింద పేరు, ఎంప్లాయీ నంబరు, తేదీ. ఒక కాపీ అమలాపురం లేబర్ ఆఫీసుకు. వాళ్ల జవాబు వచ్చాక అంకెలతో సహా ఇక్కడ పెట్టండి, లూమ్స్‌లో మీతోపాటు పిలిచిన మిగతావాళ్ల సర్వీసు, జీతం వివరాలు కూడా తెస్తే అందరివీ ఒకేసారి లెక్క వేద్దాం.